14 గెలుపులు, 14 ఓటములు: వారెన్ గాట్లాండ్‌ను అర్థం చేసుకోవడం ఎలా?

వేల్స్ రగ్బీ జట్టు వరసగా గెలిచిన టెస్టుల (దేశాల మధ్య జరిగే మ్యాచ్‌ల) రికార్డు 14. 2018 మార్చిలో ఇటలీ మీద మొదలైన ఆ జోరు, 2019 మార్చిలో కార్డిఫ్‌లో ఐర్లాండ్‌ను 25-7తో చిత్తు చేసి గ్రాండ్‌స్లామ్ (యూరప్‌లోని ఆరు జట్లు ఏటా ఆడే సిక్స్ నేషన్స్‌లో అన్ని మ్యాచ్‌లూ గెలవడం) అందుకునేదాకా ఆగలేదు. అప్పుడు కోచ్ వారెన్ గాట్లాండ్. అదే వేల్స్ 2023 అక్టోబరు మధ్య నుంచి 2025 ఫిబ్రవరి దాకా ఒక్క టెస్టు కూడా గెలవలేదు. వరసగా 14 ఓటములు. అప్పుడూ కోచ్ గాట్లాండే.

ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చాలామంది తేలిగ్గా తీర్పు చెప్పేశారు. మొదట్లో అదృష్టం కలిసొచ్చిందని కొందరు, వయసు మీదపడి కాలానికి వెనకబడిపోయాడని ఇంకొందరు అన్నారు. నాకు రెండూ సరైన సమాధానాల్లా కనిపించవు. ఒక కోచ్ చేతిలో నిజంగా ఏముంటుంది, ఏముండదు అన్నది గాట్లాండ్ కెరీర్‌లో కనిపించినంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించదు. దాన్ని విప్పి చూడాలంటే అతను ఆటగాడిగా ఉన్న రోజుల నుంచి మొదలుపెట్టాలి. న్యూజిలాండ్ జట్టులో చోటు దొరికి కూడా ఒక్క టెస్టు ఆడలేకపోయిన రోజులవి.

గాట్లాండ్ 1963లో న్యూజిలాండ్‌లోని హామిల్టన్‌లో పుట్టాడు. ఆడిన స్థానం హుకర్, జెర్సీ నంబరు 2. 2025లో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ ఆటను చూసినవాళ్లకు రగ్బీ అంటే ఏడుగురు ఆడే, పరుగు ఎక్కువ ఉండే ఆట గుర్తొస్తుంది. ఇక్కడ మాట్లాడుకుంటున్నది 15 మంది ఆడే రగ్బీ, దాన్ని రగ్బీ యూనియన్ అంటారు. ఇందులో స్క్రమ్ అంటే రెండు జట్ల నుంచి ఎనిమిదేసి మంది మూడు వరసల్లో ఒకరినొకరు పెనవేసుకుని, తలలు వంచి, ఎదుటి జట్టును నెట్టడం. ముందు వరసలో ముగ్గురుంటారు. మధ్యలో ఉండేవాడు హుకర్. అతని రెండు చేతులూ అటూ ఇటూ ఉన్న ప్రాప్‌ల భుజాల మీద ఉంటాయి. అంటే కింద పడితే ఆపుకోవడానికి చేయి ఖాళీ ఉండదు. వెనక నుంచి ఐదుగురి బరువు నెడుతుంటుంది, ముందు నుంచి ఎనిమిది మంది బరువు వచ్చి పడుతుంటుంది. ఆ ఒత్తిడి మధ్య బంతి లోపలికి రాగానే ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలితో దాన్ని వెనక్కి లాగాలి. బంతి పక్క గీత దాటి బయటికి పోయాక మళ్లీ ఆటలోకి విసిరే లైనౌట్‌లో బంతి విసిరేదీ సాధారణంగా అతనే. విసురు కాస్త అటూ ఇటూ అయితే బంతి ఎదుటి జట్టు పాలవుతుంది. చప్పట్లు తక్కువ, బాధ్యత ఎక్కువ ఉన్న స్థానం.

గాట్లాండ్ వైకాటో ప్రావిన్స్ తరఫున 140 మ్యాచ్‌లు ఆడాడు. జాతీయ జట్టు ఆల్‌బ్లాక్స్‌కు 17 మ్యాచ్‌లు ఆడాడు. వాటిలో టెస్టు ఒక్కటి కూడా లేదు. ఆ రోజుల్లో విదేశీ పర్యటనకు వెళ్లిన జట్టు అసలు టెస్టులతో పాటు అక్కడి ప్రావిన్స్‌లు, స్థానిక జట్లతో కూడా ఆడేది. టెస్టుకు మొదటి పదిహేను మంది, మిగతా మ్యాచ్‌లకు ఎక్కువగా రిజర్వు ఆటగాళ్లు. గాట్లాండ్ ఆడినవన్నీ ఆ రెండో రకానివే.

కారణం ఒకే ఒక్క మనిషి, షాన్ ఫిట్జ్‌పాట్రిక్. 1986లో జట్టులోకి వచ్చిన ఈ హుకర్ 1995 దాకా వరసగా 63 టెస్టులు ఆడాడు. మొత్తం 92 టెస్టులు ఆడి, చివరి ఆరేళ్లు కెప్టెన్‌గా కూడా ఉన్నాడు. ఇక్కడ నిబంధనల సంగతి కూడా తెలియాలి. ఇవాళ కోచ్ తన వ్యూహాన్ని బట్టి మ్యాచ్ మధ్యలో ఆటగాళ్లను మార్చుకోవచ్చు. ఇప్పుడైతే రిజర్వు హుకర్ చివరి ఇరవై నిమిషాలో, అరగంటో ఆడటం మామూలే. కానీ 1996కు ముందు గాయమైతే తప్ప ఆటగాణ్ని మార్చే వీల్లేదు. ఫిట్జ్‌పాట్రిక్ గాయపడడు, పడినా మైదానం వదలడు. దాంతో గాట్లాండ్ బెంచి మీదే ఉండిపోయాడు. ఇప్పటి నిబంధనలే అప్పుడు ఉండి ఉంటే అతని పేరిట కనీసం పది పదిహేను టెస్టులు ఉండేవని నా అంచనా.

అలా కూర్చుంటే మనిషికి రెండింట్లో ఒకటి జరుగుతుంది. విసిగిపోయి వదిలేస్తాడు, లేదా చూడటం నేర్చుకుంటాడు. గాట్లాండ్ వృత్తిరీత్యా బడి పంతులు. అప్పటికి రగ్బీ యూనియన్‌లో జీతాల్లేవు, 1995లో గానీ అది ప్రొఫెషనల్ ఆట కాలేదు. ఆడేది అభిమానంతో, బతికేది వేరే ఉద్యోగంతో. 1989లో ఆల్‌బ్లాక్స్ వేల్స్, ఐర్లాండ్ పర్యటనకు వెళ్లినప్పుడు ఐర్లాండ్ పశ్చిమ తీరంలోని గాల్వే పట్టణంలో గాల్వీజియన్స్ అనే క్లబ్బుతో అతనికి పరిచయమైంది. అక్కడే ఆటగాడిగానూ కోచ్‌గానూ పనిచేశాడు. ప్రపంచంలోనే మేటి జట్టు ప్రాక్టీసును దగ్గర నుంచి చూసినవాడు, సాయంత్రం ఉద్యోగాల నుంచి వచ్చే మామూలు క్లబ్బు ఆటగాళ్లకు దాన్ని అర్థమయ్యేలా చెప్పాల్సి వచ్చింది. కోచింగ్‌లో అసలు పని అదే కదా.

ఆటగాడిగా అతనికి దక్కిన ఆనందమంతా వైకాటోతోనే. 1992లో ఆ జట్టు జాతీయ ప్రావిన్స్‌ల చాంపియన్‌షిప్ గెలిచింది. 1993లో పర్యటనకు వచ్చిన బ్రిటన్, ఐర్లాండ్ మేటి ఆటగాళ్ల ఉమ్మడి జట్టు బ్రిటిష్ అండ్ ఐరిష్ లయన్స్‌ను 38-10తో ఓడించింది, ఆ మ్యాచ్‌లో గాట్లాండ్ ఆడాడు. ఇరవై ఏళ్ల తర్వాత అదే లయన్స్‌కు తాను హెడ్ కోచ్ అవుతానని ఆ రోజు అతను ఊహించి ఉండడు. అదే ఏడాది ఆక్లండ్ ఎనిమిదేళ్లుగా ఎవరికీ వదలకుండా పట్టుకుని కూర్చున్న రాన్‌ఫర్లీ షీల్డ్ అనే ప్రావిన్స్‌ల ట్రోఫీని కూడా వైకాటో లాక్కుంది. ఫిట్జ్‌పాట్రిక్ సొంత ప్రావిన్స్ ఆ ఆక్లండే. 1994లో గాట్లాండ్ ఆట మానేశాడు.

1996లో ఐర్లాండ్‌లోని కానాట్ ప్రావిన్స్ కోచ్ అయ్యాడు. నాలుగు ఐరిష్ ప్రావిన్స్‌ల్లో ఆటగాళ్ల పరంగా, డబ్బు పరంగా అన్నిటికంటే వెనకబడిన జట్టు అది. అలాంటి కానాట్ 1997లో యూరప్ టోర్నీలో ఇంగ్లండ్ జట్టు నార్తాంప్టన్‌ను వాళ్ల మైదానంలోనూ, సొంతగడ్డ మీదా ఓడించింది. 1998 ఫిబ్రవరిలో ఐర్లాండ్ జాతీయ జట్టుకు కోచ్ కావాల్సి వస్తే గాట్లాండ్‌ను పిలిచారు. అప్పటికి అతని వయసు 34.

ఐర్లాండ్‌లో మొదటి రెండేళ్లు చెప్పుకోదగ్గవి కావు. 1999 ప్రపంచకప్‌లో అర్జెంటీనా చేతిలో 28-24తో ఓడి, క్వార్టర్ ఫైనల్ కూడా చేరకుండా ఇంటిముఖం పట్టారు. 2000 ఫిబ్రవరిలో ఇంగ్లండ్ 50-18తో ఉతికి ఆరేసింది. అంత దెబ్బ తగిలాక చాలామంది కోచ్‌లు సీనియర్లనే నమ్ముకుని జాగ్రత్త పడతారు. గాట్లాండ్ తర్వాతి మ్యాచ్‌కే ఐదుగురు కొత్తవాళ్లను దించాడు. రోనన్ ఒగారా, పీటర్ స్ట్రింగర్, జాన్ హేస్, సైమన్ ఈస్టర్‌బీ, షేన్ హోర్గన్. స్కాట్లాండ్ మీద 44-22తో గెలిచారు. ఆ ఐదుగురూ తర్వాత ఏళ్ల తరబడి ఐర్లాండ్‌కు ఆడారు, ఒగారా, హేస్ వందకు పైగా టెస్టులు ఆడారు. నెల తిరిగేలోపు పారిస్‌లో ఫ్రాన్స్‌ను 27-25తో ఓడించారు. 1972 తర్వాత ఐర్లాండ్‌కు పారిస్‌లో అదే తొలి గెలుపు. ఆ మ్యాచ్‌లో మూడు ట్రైలు (బంతిని ఎదుటి జట్టు గీత అవతల నేలకు తాకించి పాయింట్లు రాబట్టడం) చేసిన 21 ఏళ్ల కుర్రాడు బ్రయాన్ ఒడ్రిస్కాల్. ఈ పేరు గుర్తుంచుకోండి.

గాట్లాండ్ బలం నాకు ఇక్కడే మొదట కనిపిస్తుంది. అది వ్యూహరచన కన్నా ఎంపిక. ఎవరు సిద్ధంగా ఉన్నారో, ఎవరి పని అయిపోయిందో పసిగట్టడం, పసిగట్టాక వెనకాడకుండా నిర్ణయం తీసుకోవడం. ఏళ్లకేళ్లు తన పేరు జాబితాలో లేకపోవడాన్ని చూసినవాడికి, పేరు లేకపోవడం ఎంత బాధో తెలుసు. ఆ బాధతో మనిషి చచ్చిపోడని కూడా తెలుసు.

2001లో ఐర్లాండ్ ఇంగ్లండ్‌ను 20-14తో ఓడించి వాళ్ల గ్రాండ్‌స్లామ్‌ను అడ్డుకుంది. అయినా ఏడాది చివర్లో బోర్డు గాట్లాండ్ కాంట్రాక్టును పొడిగించలేదు. అతని సహాయకుడు ఎడ్డీ ఒసలివన్‌కు పగ్గాలు అప్పగించింది.

లండన్ క్లబ్బు వాస్ప్స్‌కు వెళ్లాక గాట్లాండ్‌కు షాన్ ఎడ్వర్డ్స్ తోడయ్యాడు. ఎడ్వర్డ్స్ 13 మంది ఆడే రగ్బీ లీగ్‌లో దిగ్గజం, విగన్ క్లబ్బు నుంచి వచ్చినవాడు. లీగ్‌లో డిఫెన్స్ అంటే ఒక ప్రత్యేక విద్య. దాన్ని ఎడ్వర్డ్స్ యూనియన్‌లోకి తెచ్చాడు. మామూలుగా డిఫెన్స్ చేసే వరస కాస్త ఆగి, ఎదుటివాళ్లను పక్కలకు తోసుకుంటూ పోయేది. వాస్ప్స్ అలా ఆగదు. బంతి బయటికి రాగానే వరస మొత్తం ఒక్కసారిగా ముందుకు ఉరుకుతుంది, పక్కలకు పోయే దారి మూసేసి ప్రత్యర్థిని లోపలికి నెడుతుంది. కబడ్డీలో రైడర్ వెనక్కి తిరిగేలోపే గొలుసు కట్టి మీద పడినట్టన్నమాట. దీన్నే బ్లిట్జ్ డిఫెన్స్ అంటారు. ఇందులో ప్రమాదముంది. ఒక్కడు అర అడుగు వెనకబడినా వరసలో సందు పడుతుంది, ఆ సందులోంచి ట్రై అయిపోతుంది. కాబట్టి 80వ నిమిషంలో కూడా మొదటి నిమిషంలో పరిగెత్తినట్టే పరిగెత్తగలగాలి. గాట్లాండ్ ఫిట్‌నెస్ పిచ్చికి మూలం ఇదే. ఆ డిఫెన్స్ పనిచేయాలంటే ఆ ఊపిరి ఉండి తీరాలి, వేరే దారి లేదు.

ఫలితం వెంటనే కనిపించింది. 2003 ఇంగ్లిష్ లీగ్ ఫైనల్లో, పట్టికలో తమకంటే 15 పాయింట్లు ముందున్న గ్లౌస్టర్‌ను వాస్ప్స్ 39-3తో ముంచేసింది. 2004లో, 2005లో మళ్లీ చాంపియన్లు. 2004లో తులూజ్‌ను ఓడించి యూరప్ కప్పు కూడా గెలిచారు.

2007 ప్రపంచకప్‌లో వేల్స్ ఫిజీ చేతిలో ఓడి ఇంటికొచ్చింది, కోచ్ పదవి ఊడింది. గాట్లాండ్ వచ్చాడు, వెంట ఎడ్వర్డ్స్‌ను తెచ్చుకున్నాడు. మొదటి మ్యాచే ఇంగ్లండ్ సొంత మైదానం ట్వికెన్‌హామ్‌లో ఇంగ్లండ్‌తో. వేల్స్ అక్కడ 1988 తర్వాత గెలవలేదు. చేతిలో ఉన్నది కొద్ది రోజులు. అందుకని మొదటి పదిహేను మందిలో 13 మందిని ఒకే క్లబ్బు ఆస్ప్రేస్ నుంచి తీసుకున్నాడు. ఒకరి ఆట ఒకరికి ముందే తెలిసినవాళ్లు కాబట్టి కొత్తగా నేర్పాల్సిన అవసరం తగ్గుతుంది. ఇది చాలా తెలివైన నిర్ణయమని ఇప్పటికీ అనుకుంటాను. సగం ఆట అయ్యేసరికి 16-6తో వెనకబడి ఉన్నారు, చివరికి 26-19తో గెలిచారు. ఆ ఏడాది సిక్స్ నేషన్స్ ఐదు మ్యాచ్‌ల్లో వేల్స్ ఇచ్చిన ట్రైలు రెండే రెండు. గ్రాండ్‌స్లామ్. ఐదు నెలల క్రితం ఫిజీకి తలవంచిన జట్టే ఇది, ఆటగాళ్లూ చాలావరకు వాళ్లే.

తర్వాతి పదకొండేళ్లలో 2012లో ఒకటి, 2019లో ఒకటి, మరో రెండు గ్రాండ్‌స్లామ్‌లు వచ్చాయి. 2011, 2019 ప్రపంచకప్‌ల్లో సెమీస్ చేరారు. 2011 ప్రపంచకప్‌కు ముందు ఆటగాళ్లను పోలండ్‌లోని స్పావా అనే చోటికి తీసుకెళ్లి, రోజుకు రెండు మూడుసార్లు ప్రాక్టీసు చేయించి, మధ్యమధ్యలో గడ్డకట్టే చలి గదుల్లో నిలబెట్టాడు. కండరాలు త్వరగా కోలుకుంటే మళ్లీ ప్రాక్టీసు చేయించవచ్చన్నది లెక్క. ఆ ప్రపంచకప్ సెమీస్‌లో ఫ్రాన్స్‌పై కెప్టెన్ సామ్ వార్‌బర్టన్‌కు 18వ నిమిషంలోనే రెడ్ కార్డు పడింది. మిగతా గంటకు పైగా 14 మందితో ఆడి 9-8తో, ఒక్క పాయింటు తేడాతో ఓడారు. ఆ ఓటమి చాలామంది వేల్స్ అభిమానులకు ఇప్పటికీ మింగుడుపడదు.

అయితే ఈ పద్ధతికి ఒక హద్దుంది, దాన్ని దాచి పొగిడితే న్యాయం కాదు. బలమైన ఆటగాళ్లతో మధ్యలోంచి గుద్దుకుంటూ వెళ్లడం, గట్టి డిఫెన్స్, అలసిపోని ఊపిరి, ఈ మూడూ యూరప్ జట్ల మీద పనిచేశాయి. దక్షిణార్ధగోళం జట్ల మీద అంతగా పనిచేయలేదు. 2009 నుంచి 2017 దాకా ఆస్ట్రేలియా చేతిలో వేల్స్ వరసగా 13 సార్లు ఓడింది. గాట్లాండ్ కోచ్‌గా ఉన్నంత కాలం న్యూజిలాండ్‌ను ఒక్కసారీ ఓడించలేకపోయింది. బంతిని వేగంగా చేతులు మార్చి కొత్త దారులు వెతికే జట్ల ముందు ఈ ఆట కాస్త మొరటుగా కనిపించేది.

2013లో లయన్స్ ఆస్ట్రేలియా పర్యటన. లయన్స్ అంటే ఇంగ్లండ్, వేల్స్, ఐర్లాండ్, స్కాట్లాండ్ నుంచి మేటి ఆటగాళ్లను ఏరి కూర్చే జట్టు, నాలుగేళ్లకోసారి పర్యటనకు వెళ్తుంది. మూడు టెస్టుల సిరీస్ 1-1 మీద ఉంది. ఆఖరి టెస్టుకు గాట్లాండ్ బ్రయాన్ ఒడ్రిస్కాల్‌ను తప్పించాడు. పారిస్‌లో మూడు ట్రైలు చేసిన ఆ కుర్రాడే, ఇప్పుడు ఐరిష్ రగ్బీకి దేవుడితో సమానం. నాలుగో లయన్స్ పర్యటన, అంతకుముందు మూడింటిలోనూ సిరీస్ గెలుపు దక్కలేదు. బెంచి మీద కూడా చోటివ్వలేదు. ఐర్లాండ్ మొత్తం భగ్గుమంది. మాజీ ఆటగాళ్లు మండిపడ్డారు.

నిర్ణయం వెనక లెక్క ఇది. సెంటర్లు అంటే 12, 13 నంబర్లతో పక్కపక్కన ఆడే ఇద్దరు. రెండో టెస్టులో వేల్స్ సెంటర్ జోనథన్ డేవిస్ 12వ నంబరులో, ఒడ్రిస్కాల్ 13లో ఆడారు. మూడో టెస్టుకు గాయం నుంచి కోలుకుని జేమీ రాబర్ట్స్ తిరిగొచ్చాడు. అతని స్థానం 12. అప్పుడు 13కు డేవిస్, ఒడ్రిస్కాల్‌లలో ఒక్కరే మిగలాలి. రాబర్ట్స్, డేవిస్ వేల్స్‌కు ఏళ్లుగా జోడీగా ఆడినవాళ్లు. ఆ జోడీని ఎంచుకున్నాడు. మొదటి పదిహేనులో పది మంది వేల్స్‌వాళ్లే. ట్వికెన్‌హామ్‌లో 13 మంది ఆస్ప్రేస్‌ను దించిన రోజు లెక్కే ఇక్కడా పనిచేసింది. లయన్స్ 41-16తో గెలిచి 1997 తర్వాత తొలిసారి సిరీస్ సాధించారు. గెలిచారు కాబట్టి నిర్ణయం సరైనదని నేననను. ఒడ్రిస్కాల్ ఆడినా గెలిచేవారేమో. కానీ సెంటిమెంటును పక్కనపెట్టి, కారణం చెప్పగలిగే నిర్ణయం తీసుకున్నాడు. ఓడిపోయి ఉంటే జీవితాంతం ఆ మాట మోయాల్సి వచ్చేదని తెలిసే తీసుకున్నాడు.

2017లో సొంత దేశం న్యూజిలాండ్ మీదకు లయన్స్‌ను తీసుకెళ్లి సిరీస్ 1-1తో, ఆఖరి టెస్టు 15-15 డ్రాతో సమం చేశాడు. 2021లో దక్షిణాఫ్రికాలో ప్రేక్షకుల్లేని స్టేడియాల్లో 2-1తో ఓడాడు. మధ్యలో 2020లో హామిల్టన్ జట్టు చీఫ్స్‌కు కోచ్‌గా వెళ్తే, కరోనా వల్ల న్యూజిలాండ్ జట్ల మధ్యే జరిపిన టోర్నీలో ఎనిమిదికి ఎనిమిదీ ఓడారు. ముందు రాబోయేదానికి అది సూచన అని అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు.

2022లో వేల్స్ సొంతగడ్డ మీద ఇటలీ చేతిలో, ఆ తర్వాత జార్జియా చేతిలో ఓడింది. కోచ్ వేన్ పివాక్‌ను పంపించి డిసెంబరులో గాట్లాండ్‌ను మళ్లీ పిలిచారు. అభిమానులు ఊపిరి పీల్చుకున్నారు. కానీ అతను తిరిగొచ్చింది పాత వేల్స్‌కు కాదు. వేల్స్‌లో నాలుగు ప్రొఫెషనల్ జట్లున్నాయి: స్కార్లెట్స్, ఆస్ప్రేస్, కార్డిఫ్, డ్రాగన్స్. జాతీయ జట్టుకు ఆటగాళ్లు తయారయ్యేది ప్రధానంగా అక్కడే. డబ్బు కొరత వల్ల వాటి బడ్జెట్లు కోతపడుతూ వచ్చాయి. కొత్త కాంట్రాక్టులు ఎప్పుడొస్తాయో తెలియక ఆటగాళ్లు టెన్షన్‌లో ఉన్నారు. 2023 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌తో మ్యాచ్‌కు ముందు సమ్మె చేస్తామని హెచ్చరించేదాకా వెళ్లింది. ఇంటి అప్పు కట్టుకోగలమో లేదో తెలియని వాళ్లకు ట్యాక్లింగ్ గురించి ఏం చెప్పగలం?

అదే ఏడాది సీనియర్లు అలన్ విన్ జోన్స్, జస్టిన్ టిపురిక్ ప్రపంచకప్‌కు ముందే జాతీయ జట్టు నుంచి తప్పుకున్నారు. ప్రపంచకప్ తర్వాత డాన్ బిగర్, లీ హాఫ్‌పెన్నీ, 2024లో జార్జ్ నార్త్ వెళ్లిపోయారు. లూయిస్ రీస్-జామిట్ అమెరికన్ ఫుట్‌బాల్ ఆడటానికి రగ్బీనే వదిలేశాడు. 2023 ప్రపంచకప్‌లో సీనియర్లు ఉన్నంతవరకు పాత ఆట కనిపించింది. ఆస్ట్రేలియాను 40-6తో ఓడించి గ్రూపులో మొదటి స్థానంలో నిలిచారు. క్వార్టర్స్‌లో అర్జెంటీనా చేతిలో ఓడారు. వరస 14 ఓటముల్లో మొదటిది అది.

2024 సిక్స్ నేషన్స్‌కు కెప్టెన్ డావిడ్ జెంకిన్స్, వయసు 21. స్కాట్లాండ్ మీద 27-0తో వెనకబడి, 26 పాయింట్లు చేసి ఒక్క పాయింటుతో ఓడారు. తర్వాత ఇంగ్లండ్ చేతిలో రెండు పాయింట్లతో. ఈ రెండూ చూస్తే కుర్రాళ్లలో పస ఉంది, కోచ్ మాట వింటున్నారు అనిపిస్తుంది. కానీ దగ్గరి మ్యాచ్‌ను చివరి పది నిమిషాల్లో నిలబెట్టేది అనుభవం, అది జట్టులో లేదు. ఓడుతున్నకొద్దీ తేడా పెరిగింది. నవంబరులో కార్డిఫ్‌లోనే ఆస్ట్రేలియా 52-20తో చితక్కొట్టింది. 2024 మొత్తంలో ఒక్క టెస్టు గెలుపు లేదు.

గాట్లాండ్ తప్పేమీ లేదా? ఉంది. అతని పాత విజయాలు ఒక్కడివి కావు. డిఫెన్స్ ఎడ్వర్డ్స్‌ది, స్క్రమ్‌లో నెట్టే ఫార్వర్డ్స్‌ను చూసుకున్నది రాబిన్ మెక్‌బ్రైడ్, అటాక్ రాబ్ హౌలీది. రెండోసారి అలాంటి బృందాన్ని కూర్చలేకపోయాడు. బ్లిట్జ్ డిఫెన్స్ ఇప్పుడు అందరి దగ్గరా ఉంది, దాన్ని ఛేదించే పద్ధతులూ అందరికీ తెలుసు. 2025 జనవరి 31న పారిస్‌లో ఫ్రాన్స్ 43-0తో వేల్స్‌ను ఒక్క పాయింటూ చేయనివ్వలేదు. ఆ రోజు ఫ్రాన్స్ డిఫెన్స్ కోచ్ షాన్ ఎడ్వర్డ్స్. వారం తర్వాత రోమ్‌లో ఇటలీ 22-15తో ఓడించింది. ఫిబ్రవరి 11న, టోర్నీ మధ్యలోనే గాట్లాండ్ పదవి వదిలేశాడు.

నా లెక్కలో పెద్ద కారణం మాత్రం వేరే. గాట్లాండ్ విద్య ఎంపిక. 2000లో ఐదుగురు కొత్తవాళ్లను దించినప్పుడు ఐర్లాండ్ ప్రావిన్స్‌ల్లో అలాంటివాళ్లు తయారై ఉన్నారు. 2008లో 13 మందిని ఒకే క్లబ్బు నుంచి తీసుకోగలిగాడంటే ఆ క్లబ్బు అంత బలంగా ఉంది. 2024లో జాబితా చూస్తే ఎంచుకోవడానికి ఎక్కువమంది లేరు. పోలండ్ చలి గదులు కొద్ది వారాల్లో ఊపిరి పెంచగలవు గానీ, పదేళ్లుగా కింది స్థాయిలో పెట్టని పెట్టుబడిని భర్తీ చేయలేవు.

అతను వెళ్లాక మ్యాట్ షెరాట్ తాత్కాలికంగా బాధ్యత తీసుకున్నాడు. అటాక్‌లో కాస్త కొత్తదనం కనిపించింది. ఐర్లాండ్‌తో, స్కాట్లాండ్‌తో మెరుగ్గానే ఆడి ఓడారు. మార్చిలో కార్డిఫ్‌లో ఇంగ్లండ్ 68-14తో గెలిచింది. జులైలో జపాన్ చేతిలో మొదటి టెస్టు కూడా పోయింది. వరస ఓటములు 18కి చేరాక, రెండో టెస్టులో జపాన్‌ను 31-22తో ఓడించి గండం గట్టెక్కారు. ఆ నెలలోనే వేల్స్‌వాడైన స్టీవ్ టాండీని కొత్త కోచ్‌గా ప్రకటించారు. అతను ఆటగాడిగా, కోచ్‌గా ఎదిగింది ఆ ఆస్ప్రేస్‌లోనే. మరో మూడు నెలలకు వేల్స్ రగ్బీ బోర్డు (వేల్స్ రగ్బీ యూనియన్) నాలుగు ప్రొఫెషనల్ జట్లను మూడుకు తగ్గించాలని ప్రతిపాదించింది.